దయ్యం ఎవరి పక్షం?

మొన్న మా కళాశాల సాహిత్య సమితి సమావేశంలో ఒక విద్యార్థిని నన్ను ఇరకాటంలో పెట్టింది. బి.యస్సీ చివరి సంవత్సరం చదువుతున్న పిల్ల. ఆనాటి చర్చనీయాంశం సాహిత్య ప్రయోజనం. నేను యథాప్రకారం ఉపన్యసిస్తూ, అపరాధ పరిశోధక నవలలూ దయ్యాల కథలూ ధనస్వామ్య వ్యవస్థ పాఠకుడికి పోసే నల్లమందు అని రెండు ముక్కలు అనేసి ముందుకు సాగబోయాను. ఆమె లేచి, "సార్, మీరు వాటిని చదివి అంటున్నారా, చదవకుండానే అంటున్నారా?" అని అడిగింది. సభలో నవ్వులు. చదవలేదంటే పంతులు పరువు పోతుంది. చదివానంటే, ఇంత నల్లమందు మింగి మీరెట్లా మెలకువగా ఉన్నారని రెండో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

నిజం ఒప్పుకుంటాను. చదివాను, ఇప్పటికీ చదువుతాను. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజుల సాహసాలను మా నాయన ట్రంకుపెట్టెలోంచి దొంగతనంగా తీసి చదివాను. ఎమ్.ఏ.లో ప్రబంధాల కింద దాచుకొని చదివాను. చదివినందుకు సిగ్గుపడ్డాను కూడా. ఆ సిగ్గుతోనే కొన్నేళ్ళ కిందట ఒక వ్యాసంలో ఈ సాహిత్యాన్నంతా ఒకే వేటుకు నరికేశాను. ఇప్పుడు ఆ వ్యాసాన్ని వెనక్కు తీసుకోవాలనుకుంటున్నాను. పూర్తిగా తీసుకోవాలా, కొంత ఉంచుకోవాలా అన్నదే తేలవలసిన సంగతి.

ఈ విషయంలో మనవాళ్ళలో రెండు వాదాలు చెల్లుబాటు అవుతున్నాయి. దయ్యాలు లేవు కనుక దయ్యాల కథ అబద్ధం, అబద్ధం అభివృద్ధి నిరోధకం అన్నది ఒకటి. కూలినాలి చేసి అలసిపోయిన మనిషి రాత్రిపూట నాలుగు పేజీలు భయపడి నిద్రపోతే విప్లవానికేమీ నష్టం లేదు, పోనిద్దూ అన్నది రెండోది. మొదటివారు కర్కశులు, రెండోవారు ఉదారులు అని పైకి అనిపిస్తుంది. నాకు మాత్రం రెండో వాదంలోనే పాఠకుడి యెడల ఎక్కువ చులకన కనిపిస్తుంది. అలసిన మనిషికి ఏది పెట్టినా ఫరవాలేదనడం ఔదార్యం కాదు గదా.

మొదటి వాదానికి జవాబు మన ఇంట్లోనే ఉంది. కొడవటిగంటి కుటుంబరావు గారి కంటే నికార్సయిన హేతువాదిని తెలుగు సాహిత్యంలో వెతికి పట్టుకోవడం కష్టం. ఆయన 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా 'చందమామ'ను తీర్చిదిద్దారు. ఆ చందమామలోనే నెలనెలా శవంలోని బేతాళుడు చెట్టుమీంచి దిగి, విక్రమార్కుడి భుజం మీద ఎక్కి కథ చెప్పేవాడు. మార్క్సిస్టు సంపాదకత్వంలో బేతాళుడికి ఉద్యోగం ఊడలేదు! ఎందుకు ఊడలేదో ఆలోచించాలి. ఆ బేతాళుడు ఎవరినీ పీక్కుతినడు. ఒక న్యాయ సమస్య విప్పి, దోషం ఎవరిది, ధర్మం ఎవరిది అని అడుగుతాడు. జవాబు తెలిసి కూడా నోరు విప్పకపోతే రాజు తల పగులుతుంది. అంటే, న్యాయం తెలిసి మౌనంగా ఉన్నవాడే అక్కడ భయపడవలసినవాడు. ఆ కథలు చదివి ఏ పిల్లవాడూ శ్మశానంలో శవాలు మాట్లాడతాయని నమ్మలేదు. తీర్పు చెప్పడం మాత్రం నేర్చుకున్నాడు.

కనుక దయ్యం ఉందా లేదా అన్న ప్రశ్న సాహిత్య విమర్శకు అక్కరకు రాదు. లేదు, ఆ మాట సైన్సు ఎప్పుడో చెప్పింది. దయ్యం లేదని నమ్మే రచయిత దయ్యం కథ రాయవచ్చునా, రాస్తే దేనికి బాధ్యుడు అన్నది నైతిక ప్రశ్న. నాకు తోచిన జవాబు ఇది: కథ పుట్టించిన భయం పాఠకుడి చూపును ఎవరివైపు తిప్పుతుందో దానికి రచయిత బాధ్యుడు. అపరాధ పరిశోధక నవలకైతే ఈ ప్రశ్నను కాస్త మార్చి, శవం ఎవరిదని అడగాలి.

ఆ శవం సంగతి ముందు చూద్దాం. జపాను రచయిత కెయిగో హిగషినో 2005లో ప్రచురించిన నవల ఒకటి ఇంగ్లీషులో 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' పేరుతో వచ్చింది. నవోకీ బహుమతి పొందిన పుస్తకం, మన విద్యార్థులు చేతులు మార్చుకుంటూ చదువుతున్న పుస్తకం. ఇకముందు దాని గుట్టు విప్పబోతున్నాను. చదవదలచినవారు ఈ రెండు పేరాలు దాటి వెళ్ళవచ్చు. ఒంటరి లెక్కల మాస్టారు ఇషిగామి. పక్కవాటాలో కూతురితో కాపురముంటున్న స్త్రీ, తనను పీడించే మాజీ భర్తను పెనుగులాటలో చంపుతుంది. మూగప్రేమతో మాస్టారు ఆ హత్యను దాచే బాధ్యత నెత్తిన వేసుకుంటాడు. నది ఒడ్డున దొరికిన శవం ఎవరిది, హత్య ఏ రోజు జరిగింది అన్న లెక్కలతో పోలీసులు తల బద్దలుకొట్టుకుంటారు. ఆ శవం మాజీ భర్తది కానే కాదు. మర్నాడు మాస్టారు ఒక నిలువనీడ లేని మనిషిని చంపి, ఆ శవాన్ని మాజీ భర్త శవంగా చలామణీ చేయించాడు.

ఎంత గొప్ప ప్రేమ, ఎంత త్యాగం అని పాఠకులు కన్నీళ్ళు పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. పుస్తకం మూసి పడుకున్న తరవాత అర్ధరాత్రి మెలకువ వచ్చి, చచ్చిపోయిన ఆ మనిషి పేరేమిటని వెతికాను. పేరు లేదు. మాస్టారు అతనికి మనసులో పెట్టుకున్న గుర్తు 'ఇంజనీరు'. పని పోయి వీధిన పడినా ఇంకా పరిశ్రమల పత్రిక చదువుకుంటూ కూర్చునే మనిషి. నవల మొదటి అధ్యాయంలోనే, మాస్టారు పనికి నడిచిపోయే దారిలో, నది పక్క గుడారాల మధ్య రచయిత అతన్ని మనకు చూపించాడు. మనం చూసి దాటిపోయాం. చిక్కుముడి మొత్తం ఈ దాటిపోవడం మీదే ఆధారపడి ఉంది. ఇల్లు లేని మనిషి తగ్గితే ఊళ్ళో ఎవరూ లెక్క చూసుకోరని మాస్టారికి తెలుసు. పాఠకుడూ చూసుకోడని రచయితకు తెలుసు. హిగషినో కావాలని మనల్ని పట్టించాడో, తానూ ఆ ప్రేమకథలో పడి ఆ మనిషిని మరచిపోయాడో నేను తేల్చలేకపోయాను. ఏదైనా కానీ, ఆ పుస్తకం నాకు నా వర్గదృష్టిని చూపించింది. ఏ సిద్ధాంత గ్రంథమూ అంత నిర్దాక్షిణ్యంగా చూపించలేదు. కాలక్షేపపు నవల అని పక్కన పెట్టేవారు ఈ పని ఇంకే నవల చేసిందో చెప్పాలి.

ఇక దయ్యం. ఇక్కడ సమస్య మన గడపలోకే వస్తుంది. 1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' తెలుగు పాఠక లోకాన్ని ఊపివేసిన సంగతి విదితమే. ఆ వెనక క్షుద్రసాహిత్యం పేరుతో వెల్లువ వచ్చింది. రంగనాయకమ్మ గారు దాన్ని గంజాయి దమ్ముతో పోల్చి ఏకంగా పుస్తకమే రాశారు. యండమూరి కథనశక్తిని నేను కాదనను. చేతబట్టిన పాఠకుణ్ణి వదలకుండా నడిపించే విద్య ఆయనకు వశం. నా అభ్యంతరం వేరు. ఆ నవలలో పసిబిడ్డ జబ్బుకు మంత్రం ఒక కారణంగానూ, మనోవైద్యం మరో కారణంగానూ పక్కపక్కనే నడుస్తాయి. ఏది నమ్ముతావో నీ ఇష్టమని తీర్పు పాఠకుడికి వదిలినట్టు ఉంటుంది. దీన్ని కొందరు నిష్పాక్షికత అంటారు. మంత్రానికీ మందుకూ మధ్య నిష్పాక్షికంగా నిలబడడం, తాసుకు ఒకవైపు రాయి పెట్టి ఉందని తెలిసి కూడా ముల్లు మధ్యలో ఉందనడం లాంటిది. మన ఊళ్ళలో ఆ రాయి తరతరాలుగా పెట్టే ఉంది.

సందిగ్ధత అన్నది స్వతహాగా దోషం కాదు. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ'లోనూ దయ్యాలున్నాయో లేవో చివరికీ తేలదు. అయితే అక్కడ మన అనుమానం దయ్యాలను చూశానంటున్న పంతులమ్మ మీదికి పోతుంది. పెద్దింటి పిల్లలను సాకడానికి వచ్చిన ఆమె తన భయాన్నే వాళ్ళ మీద రుద్దుతున్నదేమో అనిపిస్తుంది. ఆమె చేతుల్లోనే పిల్లవాడు ప్రాణం విడుస్తాడు. చూసినవాళ్ళను అనుమానించడం నేర్పే సందిగ్ధత ఒకటి. మంత్రం వేసిందన్న నింద మోసేవాళ్ళను అనుమానించడం నేర్పే సందిగ్ధత ఇంకొకటి. ఈ తేడా నాకు పుస్తకాల్లో తెలియలేదు.

మా నాయనమ్మ ఊరు మంజీర వైపు ఒక చిన్న పల్లె. నాకు పదకొండేళ్ళప్పుడు వేసవి సెలవులకు అక్కడికి పోయాను. రాత్రిళ్ళు వాకిట్లో బల్బు కింద నాయనమ్మా, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుట్టేవాళ్ళు. వాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు లేరు. నేను పట్నం పిల్లవాణ్ణి, పుస్తకం గడగడా చదువుతాను. అట్ట చినిగిపోయి పేరు కూడా మిగలని ఒక క్షుద్రవిద్య నవల నా దగ్గర ఉండేది. రోజూ కొంత చదివి వినిపించేవాణ్ణి. బీడీ కట్టలు తొందరగా లేస్తున్నాయని నాయనమ్మ మురిసిపోయేది. నాకెంత గర్వమో చెప్పలేను. భయం వచ్చే చోట గొంతు తగ్గించడం, నిమ్మకాయలూ సూదులూ వచ్చే చోట ఆగి అందరి ముఖాలూ చూడడం, అన్నీ నేర్చాను.

అదే నెలలో ఒక ఇంట్లో పసివాడికి ఫిట్స్ వచ్చాయి. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె ఒకతె ఆకుమందులు ఇచ్చేది. ఆ పిల్లవాడికీ ఏదో పసరు పోసింది. పిల్లవాడు బతికాడు గాని ఫిట్స్ ఆగలేదు. బాణామతి అన్నారు. ఆ మాట నా పుస్తకం పుట్టించింది కాదు, నాయనమ్మ నాయనమ్మ కాలం నుంచీ ఉన్న మాటే. కాని "పిలగాడు సదివిన బుక్కుల ఉన్నట్టే ఉన్నది" అన్న మాట ఆ వాకిట్లోంచే బయలుదేరింది. అంతవరకూ అనుమానంగా ఉన్నదానికి అచ్చులో సాక్ష్యం దొరికింది.

ఒక మధ్యాహ్నం ఆమె మా వాకిట్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. గుమ్మంలో నిలబడి, "బిడ్డా, ఆ బుక్కుల ఏమున్నది? నా పేరున్నదా?" అని అడిగింది. "లేదవ్వా" అన్నాను. "లేదని జర నలుగుట్ల చెప్పు బిడ్డా" అని పోయింది. ఆ రాత్రి నేను చెప్పలేదు. చెబితే కథ ఆగిపోతుందని ఒక వెధవ ఆలోచన; పెద్దవాళ్ళ ముందు నోరు పెగలకపోవడం ఒకటి. నాలుగు రోజులకు ఆమెను స్తంభానికి కట్టి ముందుపళ్ళు రాలగొట్టారు. పళ్ళు లేకపోతే మంత్రం ఉచ్చారణ తప్పుతుందనీ, తప్పిన మంత్రం పారదనీ మన పల్లెల్లో శాస్త్రం. ప్రాణం దక్కింది. కూతురి ఊరికి పోయింది, మళ్ళీ రాలేదు. బేతాళుడి షరతు ప్రకారమైతే నా తల ఆ వేసవిలోనే పగలవలసింది.

ఈ సంగతి సమితిలో చెప్పినప్పుడు ఆ విద్యార్థిని ఊరుకోలేదు. "పుస్తకం లేకపోయినా కొట్టేవాళ్ళే గదా సార్" అన్నది. నిజమే. ఆకుమందు తప్ప ఆసుపత్రి లేని ఊరూ, ఒంటరి ఆడదాని రెండు గుంటల జాగ మీద కన్నువేసిన పాలివాళ్ళూ, మూర్ఛకు మందు ఉందని చెప్పే దిక్కు లేకపోవడమూ అసలు కారణాలు. నవల ఒక్కటే మనుషుల్ని కొట్టించదు. కాని నిందకు అక్షరబలం తోడైతే ఏమౌతుందో నేను చూశాను. ఆ అక్షరాలు పలికిన గొంతు నాది. 2013 ఆగస్టులో పూణెలో నరేంద్ర దాభోల్కర్‌ను కాల్చి చంపిన తరవాత గాని మహారాష్ట్రలో క్షుద్రవిద్యల పేరిట జరిగే ఘోరాలపై చట్టం రాలేదు. అంత ఖరీదైన పోరాటం నడుస్తున్న దేశంలో మంత్రం నిజమో అబద్ధమో పాఠకుడే తేల్చుకుంటాడనడం నాకు బాధ్యత గల మాటగా కనిపించదు.

ఈ ధోరణి ఈనాటికీ పోలేదు సరికదా, వెండితెర మీద మరింత నేర్పు సంపాదించింది. 2023లో వచ్చిన 'విరూపాక్ష' సినిమా చూడండి. 1979లో ఒక పల్లెలో, మంత్రగాళ్ళన్న నిందతో ఊరివాళ్ళు ఒక దంపతులను కాల్చి చంపుతారు. ఆ దృశ్యం చూసి, అబ్బ, ఇన్నాళ్ళకు మనవాళ్ళు గుంపు దౌర్జన్యం గురించి చెప్పబోతున్నారని సంబరపడ్డాను. పన్నెండేళ్ళ తరవాత ఊళ్ళో వరస చావులు మొదలవుతాయి. చివరికి తేలేదేమంటే, ఆ చావులు నిజంగానే మంత్రబలంతో జరిగినవని! ఊరివాళ్ళు క్రూరులే, కాని వాళ్ళ భయానికి ఆధారం ఉంది అన్నమాట. సినిమా బాగా తీశారు, నేనూ ఉలిక్కిపడ్డాను. మంజీర ఒడ్డున ఆ సినిమా చూసినవాళ్ళు ఇళ్ళకు పోతూ ఎవరిని తలచుకొని ఉంటారో అన్న ఆలోచన మాత్రం నన్ను వదలలేదు.

ఇంతవరకూ చదివినవారు, అయితే మీ పాత వ్యాసమే సరైనదిగదా అనవచ్చు. కాదు. దయ్యాన్ని మరో పక్షాన నిలబెట్టిన రచయితలు ఈ కొద్ది సంవత్సరాల్లోనే కనిపించారు.

శ్రీలంక రచయిత షెహాన్ కరుణతిలక 2022లో బుకర్ బహుమతి అందుకున్న 'ది సెవెన్ మూన్స్ ఆఫ్ మాలి అల్మెయిడా'లో కథానాయకుడు మొదటి పేజీకే చచ్చిపోయి ఉంటాడు. అతడు యుద్ధ ఛాయాచిత్రకారుడు. కాలం 1990, స్థలం కొలంబో. కళ్ళు తెరిచేసరికి పరలోకం ఒక సర్కారు కచేరీ: క్యూలు, ఫారాలు, విసుక్కునే గుమాస్తాలు. (మన రెవెన్యూ ఆఫీసుకు పోయినవారెవరికీ ఈ భాగం కల్పన అనిపించదు.) తనను ఎవరు చంపారో అతనికే తెలియదు. ఏడు రాత్రుల గడువులో తన హత్యను తానే పరిశోధించుకోవాలి, దాచిన ఫోటోలు బతికున్న మిత్రుల చేతికి చేరేటట్టు చూడాలి. వాటిలో 1983లో తమిళులపై జరిగిన ఊచకోత తాలూకు సాక్ష్యాలున్నాయి. అక్కడి దయ్యాలంతా ఎవరు? ప్రభుత్వం మాయం చేసినవాళ్ళు, పులులు చంపినవాళ్ళు, జె.వి.పి. తిరుగుబాటులో రెండువైపులా కూలినవాళ్ళు. విప్లవం పేరిట చంపినవారిని కూడా ఆ నవల విడిచిపెట్టదు. అది చదివి మనలో కొందరు నొచ్చుకున్నారు. నొచ్చుకోవలసిందే. చచ్చినవాళ్ళకు పార్టీ సభ్యత్వం చూసి సాక్ష్యం ఇప్పించే రచయిత మనకెందుకు?

రెండోది పెర్సివల్ ఎవరెట్ 2021లో రాసిన 'ది ట్రీస్'. ఇది హత్యా పరిశోధనా దయ్యమూ కలిసిన నవల. మిసిసిపీ రాష్ట్రంలో మనీ అనే పల్లె. 1955 ఆగస్టులో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లపిల్లవాణ్ణి, తెల్లదొరసానితో మర్యాద తప్పాడన్న నింద మోపి, చిత్రహింసలు పెట్టి చంపారు. అంతా తెల్లవాళ్ళే ఉన్న జ్యూరీ నిందితులిద్దర్నీ వదిలేసింది. మర్నాటి సంవత్సరం ఆ ఇద్దరే ఒక పత్రిక దగ్గర డబ్బు పుచ్చుకొని, అవును మేమే చంపామని చెప్పారు. ఇదంతా చరిత్ర. నవలలో, ఆ ఊళ్ళో ఆ కుటుంబాలవారు ఒక్కొక్కరే హత్యకు గురవుతుంటారు. ప్రతి శవం పక్కనా ఎమెట్ టిల్ పోలికలతో ఒక నల్లమనిషి శవం ఉంటుంది. అది శవాగారంలోంచి మాయమై మరో హత్య దగ్గర తేలుతుంది. విచారణకు వచ్చిన డిటెక్టివులు నల్లవాళ్ళు. ఇంత ఘోరాన్ని ఎవరెట్ హాస్యంగా రాశాడు. నవ్వుతూనే ఉంటాం, నవ్వినందుకు సిగ్గుపడుతూనే ఉంటాం. ఆ ఊళ్ళో ఒక ముసలామె, గుంపుల చేతుల్లో చచ్చిన ప్రతి మనిషికీ ఒక కాగితాల కట్ట పెట్టి దాచింది. ఒక ఆచార్యుడు వచ్చి ఆ పేర్లను పెన్సిలుతో చేత్తో రాస్తాడు. ఒక అధ్యాయంలో ఆ పేర్లు తప్ప మరేమీ లేదు. ఈ నవలలో ఫైళ్ళు దాచే మంత్రసాని లాంటి ఆ ముసలామెను చూసినప్పుడు నాకు ఎవరు గుర్తుకొచ్చారో చెప్పనక్కరలేదు.

ఆ జాబితా చదివిన రాత్రి నాకు చుండూరు గుర్తుకొచ్చింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. పదహారేళ్ళ తరవాత, 2007లో, ఆ ఊళ్ళోనే ఏర్పడ్డ ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టివేసింది. మరి ఆ ఎనిమిది మందినీ ఎవరు చంపారు? తెలుగులో ఇన్ని వందల అపరాధ పరిశోధక నవలలు వచ్చాయి. లాకర్లలో వజ్రాలూ, వీలునామాలూ, విదేశీ గూఢచారులూ పరిశోధించని యుగంధర్లు లేరు. ఈ ప్రశ్న పట్టుకొని బయలుదేరిన డిటెక్టివును నేను చూడలేదు. తప్పు కేవలం ఆ రచయితలది కాదు. ఈ ప్రక్రియను చవకబారు అని మనం వదిలేశాం, వ్యాపారులు ఏరుకున్నారు. కవులు ఆ శవాల మీద గొప్ప కవిత్వం రాశారు. పాఠకుడి మెడ పట్టి నేరస్థుడి ఇంటిదాకా నడిపించే వచనం మాత్రం మనం తయారుచేసుకోలేదు.

ఇంతా మెచ్చుకున్నాక ఎవరెట్ నవలలో నాకు మింగుడు పడని ముద్ద ఒకటి ఉంది. అక్కడ చచ్చేవాళ్ళలో చాలామంది 1955లో పుట్టనివాళ్ళు, చంపినవాళ్ళ బిడ్డలు. తాత చేసిన హత్యకు మనవడు బాధ్యుడా? దయ్యం కథలన్నిటిలోనూ ఉన్న చిక్కే ఇది. దయ్యం వంశాన్ని పట్టుకుంటుంది, వ్యవస్థను పట్టుకోదు. పగ రక్తసంబంధం చూస్తుంది. మనం చూడవలసింది ఆస్తి సంబంధం అని నేను సమితిలో వాదించాను. నేరం వారసత్వంగా రాదు, నేరంతో సంపాదించిన భూమి వస్తుంది, అధికారం వస్తుంది, భయపెట్టే హక్కు వస్తుంది. వాటికి మనవడు జవాబు చెప్పాలి గాని ప్రాణంతో కాదు అన్నాను. చాలామంది ఒప్పుకున్నారు.

ఆ విద్యార్థిని ఒప్పుకోలేదు. "భూమి వదలమంటే ఏ మనవడు వదిలాడు సార్? వదలనివాళ్ళకు కలలోనైనా భయం పుట్టాలి గదా" అన్నది. చంపడం వేరు, భయపెట్టడం వేరన్నాను. ఆ అవ్వను ఊరు భయపడే చంపబోయింది, భయాన్ని నమ్ముకోవద్దన్నాను. "ఆమెను చూసి ఊరు భయపడ్డది. ఆమెకు జరిగినదాన్ని చూసి భయపడి ఉంటే మీరు ఆ రాత్రి మాట్లాడేవాళ్ళేమో" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ లేదు.

'ది ట్రీస్' మా గ్రంథాలయంలో ఒకే ప్రతి ఉంది. వచ్చే సమావేశానికి నలుగురు విద్యార్థులు తలా నాలుగు అధ్యాయాలు తెలుగులో చెప్పేటట్టు పంచుకున్నారు. పేర్ల అధ్యాయం తనకు కావాలని ఆమె అడిగి తీసుకున్నది. అందులో అనువదించడానికి ఏముందని ఎవరో నవ్వారు. అవన్నీ గట్టిగా చదువుతానన్నది.